అయ్యగారు చూసింది

బుధవారం సాయంత్రం స్త్రీల కూడికలో ప్రకాశం అయ్యగారు ముగింపు ప్రార్థన రెండోసారి మొదలుపెట్టారు.

వేదిక మెట్టు దగ్గర పడుకున్న కుక్క మొదటి ఆమేన్‌కే లేచి ఒళ్ళు విరుచుకుంది. ఆమేన్ అంటే ఇంటికి పోవడమని దానికి ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఆయన మళ్ళీ "దయగల తండ్రీ" అని అందుకోగానే ఆయన వైపు ఓసారి చూసి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అయ్యగారూ, గార్డు దిగిపోయాడు. ఇంక బండి ఆపండి," అంది లీలావతి.

ఆయన కళ్ళు తెరిచారు. "చేసేశానా?"

"చేసేశారు. మొదటిదే బావుంది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు గాని చెవులు వేడెక్కాయి. లీలావతి రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయాక రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపువాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ గోడ అవతల రెండు గదుల సొంత ఇంట్లో ఆమే, ఆ కుక్కా ఉంటున్నారు. ఎవరితో బయల్దేరినా రైలు గార్డులా నాలుగడుగులు వెనకే నడుస్తుందని ఆమె భర్త దానికి గార్డు అని పేరు పెట్టాడు. పేరుకే గార్డు. ఒకసారి దొంగ వస్తే వాడి చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోయిందని ఆమే చెబుతుంది.

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక చిన్నారావు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్ఫై అయిదేళ్ళు చేసిన మనిషి. సంఘానికి సెక్రటరీ. అతను ఇందాక అందరితో నవ్వలేదు. నాలుగో వరసలో ఒక కుర్చీ కాలి కింద తడి చూసి, గుడ్డ తెచ్చి తుడిచాడు.

"కుక్కని లోపలికి రానివ్వద్దని మూడుసార్లు చెప్పాను అయ్యగారూ."

"ముసలిది చిన్నారావూ. ఆపుకోలేదు."

"అది ముసలిదే. నాక్కూడా తెలుసు." గుడ్డ పిండి కిటికీ మీద ఆరేశాడు. "ఆదివారం కమిటీ కూర్చుంటోంది. అభన్‌పూర్ నుంచి ఆ కుర్ర పాస్టరు స్టీఫెన్‌ని మీ చోటికి రప్పించే సంగతి తేల్చేద్దాం అనుకుంటున్నాం. మీరు ఆరామ్‌గా ఉండాలి ఇంక."

"ఆరామ్ అంటే బయటికి పొమ్మనేగా."

"నేనలా అన్లేదు. మొన్న ఆదివారం మీరు పెళ్ళి ప్రకటన చదివారు. ఆ జంటకి నిరుడే పెళ్ళయింది. పిల్లాడినెత్తుకుని ముందు వరసలోనే కూర్చున్నారు."

చిన్నారావు పక్క గదిలోకి వెళ్ళి రెండు పాటల పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంచులన్నీ ఎలుకలు కొరికి పొట్టు చేశాయి. జేబులోంచి ఒక పొట్లం తీశాడు. "ఎలుకల మందు. రేపు పొద్దున్న నేనొచ్చి పెడతాను. మీరు ముట్టుకోకండి. బీరువా మీద ఉండనివ్వండి."

పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడని అయ్యగారికి మండింది. ఇంకా ఆవరణలోనే తిరుగుతున్న గార్డు తన వెనకే గేటు దాకా వచ్చి నిలబడితే దాని తల నిమిరి, "నిన్నూ నన్నూ కలిపి ఊడ్చేస్తాడట," అన్నారు.

గురువారం ఉదయం ఆయన చర్చి వెనకున్న తన గదిలో కిటికీకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నారు. చెయ్యి వణుకుతుంది కాబట్టి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఒక్కో చెంపా ఆగి ఆగి గీసుకోవడం ఆయన అలవాటు. అద్దం పక్కనుంచి గేటు కనిపిస్తుంది. అక్కడ చిన్నారావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గార్డు. రెండు చేతులతో దాని మూతి పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య తెల్లగా రొట్టె ముక్క. కుక్క తల విదిలించి కుయ్యిమంది. చిన్నారావు చటుక్కున లేచి, కుడి చెయ్యి చంకలో దోపుకుని, అటూ ఇటూ చూసి గబగబా వెళ్ళిపోయాడు.

కుక్కంటే పడని మనిషి ఇవాళ దానికి రొట్టె పెట్టాడేమిటి అనుకున్నారు అయ్యగారు. తర్వాత రెండో చెంప గీసుకున్నారు.

పదిన్నరకి లీలావతి కేక వినిపించింది. ఆయన వెళ్ళేసరికి గార్డు ఆమె వాకిట్లో పక్కకి పడి ఉంది. నాలుగు కాళ్ళూ కర్రల్లా బిగిశాయి. నోటి వెంట నురగ. ఆమె ఏడవడం లేదు. పాత దుప్పటి పరిచి, దాని తల ఒక పక్కకి తిప్పి, చీర చెంగుతో నోరు తుడుస్తోంది. పొరుగింటి పూర్ణిమ ఆటో పిలిచింది.

పశువుల ఆసుపత్రిలో సిమెంటు గట్టు మీద కుక్కని పడుకోబెట్టారు. డాక్టరు ముక్కు దగ్గరికి వంగి వాసన చూశాడు. "జహర్ హై మాతాజీ. చూహే వాలా. దేర్ హో గయీ." ఎలుకల మందు విషమని, ఆలస్యమైపోయిందని చెప్పినా సెలైన్ కట్టాడు. సూది ఎక్కించడానికి దాని కాలు మీద నరం దొరక్కపోతే లీలావతి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి, నరం తేల్చి చూపించింది. ఆ తర్వాత గంటన్నర సేపు అది వణుకుతూ, మెడ వెనక్కి విరుచుకుంటూ, మధ్యలో ఆమెని గుర్తుపట్టి తోక ఒక్కసారి కొట్టి, మళ్ళీ బిగుసుకుంటూ ఉంది. అయ్యగారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. అది ఆగిపోయాక ఆమె గడియారం చూసింది. "ఒంటిగంటా పది," అంది, ఎవరూ అడక్కపోయినా.

సాయంత్రం అయిదింటికి ఆమె పెరట్లో, జామచెట్టు పక్కన గొయ్యి తవ్వారు. తవ్వింది చిన్నారావే. ఎవరూ పిలవకుండానే పారా గునపమూ భుజాన వేసుకుని వచ్చాడు. నేల రాయిలా ఉంది. గునపంతో పొడిచి, మట్టి వదులుచేసి, పారతో ఎత్తిపోస్తున్నాడు. కుడి చేతికి కట్టు. పార పిడి ఆ చేత్తో పట్టుకోలేక మోచెయ్యి ఆనించి తోస్తున్నాడు.

ఆ కట్టు మీద అయ్యగారి చూపు నిలిచింది. గేటు, రొట్టె ముక్క, చంకలో దోపుకున్న చెయ్యి, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఈ మధ్య ఏ సంగతీ అంత స్పష్టంగా ఆయనకి కనపడలేదు.

"నాలుగు మాటలు చెప్పండి అయ్యగారూ," అంది లీలావతి. "కుక్కకి చెప్పకూడదంటే నాకు చెప్పండి."

ఆయన గొయ్యి అంచుకి వచ్చారు. "ఆ చేతికి ఏమైంది చిన్నారావూ?"

చిన్నారావు పార ఆపాడు. "ఏదో గీసుకుంది."

"గార్డు కరిచింది. నేను చూశాను. పొద్దున్న గేటు దగ్గర దాని మూతి పట్టుకుని రొట్టె కుక్కావు. ఎలుకల మందు తెచ్చిందీ నువ్వే."

పెరట్లో ఉన్న పది మందీ చిన్నారావు వైపు తిరిగారు. పూర్ణిమ మాత్రం పక్కామెతో మెల్లిగా, "అయ్యగారికి ఈ మధ్య అంతా గోల్‌మాల్ అయిపోతోంది కదా," అంది. ఆ మాట ఆయన చెవిని పడింది. గొంతు పెంచారు. "నాకు మతిమరుపుంది. కళ్ళు పోలేదు."

"నిజంగా చూశారా అయ్యగారూ?" లీలావతి అడిగింది.

"దేవుని సన్నిధిలో చెబుతున్నాను. చూశాను."

చిన్నారావు అయ్యగారి మొహంలోకి చాలాసేపు చూశాడు. అతను వంగి, దుప్పటి నాలుగు కొసలూ సర్ది, కుక్కని గోతిలోకి దించాడు. మట్టి నింపాడు. పార బోర్లించి నేల చదునుగా కొట్టాడు. "వస్తానక్కా," అన్నాడు. లీలావతి తల తిప్పుకుంది.

శుక్రవారం పొద్దున్న అయ్యగారు టీలో ముంచుకున్న బిస్కట్‌లో సగం విరిచి గుమ్మం వైపు చెయ్యి చాచారు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బిస్కట్ తడిసి విరిగి గచ్చు మీద పడింది.

పదకొండింటికి కమిటీవాళ్ళు ఇద్దరు వచ్చారు. చిన్నారావు సెక్రటరీ పదవికి రాజీనామా రాసి ఇచ్చాడట. కారణం రాయలేదు. ఆదివారం మీటింగు వాయిదా వేశామన్నారు. "మీకు గుర్తులేదు, గుర్తులేదు అని అతనే మా బుర్రలు తిన్నాడు అయ్యగారూ. ఇప్పుడు చూడండి, మీరొక్కరే కదా చూసింది," అన్నాడు నాగబాబు అనే ఆయన. అయ్యగారు తల వంచుకుని విన్నారు. వాళ్ళు వెళ్ళాక గదిలో ఇటునుంచి అటు రెండుసార్లు నడిచారు. నడుము తిన్నగా ఉంది. కుక్క చచ్చిపోయిందన్న దుఃఖం లోపల ఉంది. దాని పక్కనే, సిగ్గులేకుండా, సంతోషం కూడా ఉంది.

శనివారం మధ్యాహ్నం ఆయన ప్రసంగానికి కూర్చున్నారు. నోరులేని ప్రాణుల మీద క్రూరత్వం గురించి చెప్పాలని నిశ్చయించుకున్నారు. పేరు ఎత్తరు. ఎత్తక్కర్లేదు. కాగితం కోసం నోటుబుక్కు తీశారు. మరిచిపోకుండా అన్నీ అందులో రాసుకోమని స్టీఫెనే చెప్పాడు ఆ మధ్య. చేసిన పని పక్కన టిక్కు పెట్టుకుంటారు. ఖాళీ పేజీ కోసం తిప్పుతుంటే గురువారం పేజీ వచ్చింది. తన అక్షరాలే, చీమల్లా కిందికి జారుతూ.

రొట్టెకి మందు రాసి బీరువా వెనక పెట్టాలి. చిన్నారావు వచ్చేలోగా. టిక్కు.

గార్డుకి రొట్టె. టిక్కు.

ఆయన రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చదివారు. ఏ బొమ్మా మనసులోకి రాలేదు. ఆ ఉదయం గడ్డం గీసుకోవడానికి ముందు ఏం చేశారో, అక్కడ గోడ కట్టేసినట్టు ఉంది. లేచి పక్క గదిలోకి వెళ్ళారు. బీరువా మీద పొట్లం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప గోడకి ఆనించి, బీరువా వెనక చెయ్యి పెట్టారు. వేళ్ళకి రొట్టె తగిలింది. బయటికి తీశారు. తెల్లటి రొట్టె. మందు రాసిన జాడ లేదు. మీద పంచదార జల్లి ఉంది, రోజూ గార్డుకి పెట్టేటప్పుడు జల్లినట్టే. అంచుల వెంట ఎలుకలు శుభ్రంగా కొరికి తిన్నాయి.

ఆయన నోటుబుక్కు చంకలో పెట్టుకుని చిన్నారావు ఇంటికి బయల్దేరారు.

చిన్నారావు ఇంటి వరండాలో కూర్చుని పాత ఫ్యాను విప్పి, బేరింగుకి గ్రీజు పెడుతున్నాడు. అయ్యగారిని చూసి లేచి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. నోటుబుక్కు తెరిచి చూపించారు.

చిన్నారావు చదివి మూసేశాడు. "ఇది కూడా ఉందా," అన్నాడు. "మీరు రొట్టెకి మందు రాసిన పళ్ళెమూ, పొట్లమూ ఆ రోజే తీసి పారేశాను. పుస్తకం సంగతి తట్టలేదు."

"నువ్వు దాని నోట్లో..."

"పెట్టలేదు. తీశాను. గేటు తీస్తుంటే నముల్తూ కనపడింది. రొట్టె మీద నల్లగా పొడి. వేళ్ళు పెట్టి లాగాను. కరిచింది. మొత్తం వచ్చేసిందనుకున్నాను." చేతికున్న కట్టు వైపు చూసుకున్నాడు. "ముందే ఒక ముక్క మింగినట్టుంది. నేను సూది వేయించుకుని వచ్చేసరికి మీరు ఆటో ఎక్కేశారు."

"మరి గొయ్యి దగ్గర ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఏం చెప్పను? పది మందిలో, గొయ్యి ముందు నిలబెట్టి, చంపింది మీరేనని చెప్పనా?" గ్రీజు వేళ్ళు గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. "మీకు బాగోలేదని తెలిసీ మందు మీ దగ్గర వదిలి వెళ్ళింది నేను. అందులో నా తప్పు లేదా? నన్ను నాలుగు రోజులు తిడతారు, మరిచిపోతారు. ఛోడ్ దీజియే, వదిలేయండి అయ్యగారూ. అక్కకి చెప్పకండి. ఆవిడకి మీరు తప్ప ఇంకెవరున్నారు?"

"నా మీద నీకు కోపం లేదా?"

"ఉంది," అన్నాడు చిన్నారావు. "ఎందుకుండదు?"

ఆదివారం ఆరింటికే అయ్యగారు లీలావతి ఇంటికి వెళ్ళారు. ఆమె వాకిలి కడుగుతోంది. ఆయన గడపలో నిలబడే చెప్పారు. నోటుబుక్కు, రొట్టె, చిన్నారావు చెయ్యి, ఏదీ వదల్లేదు. మరిచిపోతానేమోనన్న భయంతో దారిపొడుగునా మనసులో చెప్పుకుంటూ వచ్చారు. చీపురు ఆమె చేతిలోనే ఉంది. నీళ్ళు ఆయన చెప్పుల కిందికి పారుతున్నాయి.

"క్షమించమ్మా," అన్నారు చివరికి.

ఆమె చీపురు గోడకి ఆనించింది. "గార్డు కాళ్ళు ఎలా కొట్టుకున్నాడో చూశారు కదా."

"చూశాను."

"క్షమించాననే మాట ఇవాళ నా నోట రాదు అయ్యగారూ. మనసులోకి రాకుండా అంటే అది అబద్ధం. చిన్నారావు పరువు పది మందిలో పోయింది. ముందు వెళ్ళి అది పది మందిలోనే తెచ్చి పెట్టండి. రేపు రండి. నా సంగతి రేపు చెప్తాను."

ఆయన జేబులోంచి పెన్ను తీసి అక్కడే రాసుకున్నారు. సోమవారం. లీలావతమ్మ ఇంటికి వెళ్ళాలి.

ఆ ఉదయం ఆరాధనకి లీలావతి రాలేదు. చిన్నారావు వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. అతని పక్కన రెండు కుర్చీలు ఖాళీ. అయ్యగారు వేదిక ఎక్కకుండా కిందే నిలబడ్డారు. "ఈ వేళ ప్రసంగం లేదు," అన్నారు. "గార్డు చావుకి కారణం నేను. చిన్నారావు దాన్ని కాపాడబోయాడు. నేను చూసింది అదే. చూసింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. అతను నా కోసం నోరు మూసుకుని మీ అందరి చేతా మాటలు పడ్డాడు." ఇంకో వాక్యం ఉంది. అది ఎంత వెతికినా దొరకలేదు. మీటింగు వాయిదా పడిందని తెలియక అభన్‌పూర్ నుంచి వచ్చి పక్కగా కూర్చున్న స్టీఫెన్ లేచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "కూర్చోండి అయ్యగారూ, మిగతాది నేను చేస్తాను." ఆయన కూర్చున్నారు. నాగబాబు తన కుర్చీ ఎత్తి పట్టుకుని వెళ్ళి చిన్నారావు పక్కన వేసుకున్నాడు. చిన్నారావు అతని వైపు చూడలేదు.

సోమవారం పొద్దున్న చిన్నారావు తన స్కూటరు మీద ఆయన్ని లీలావతి ఇంటి దగ్గర దింపాడు. ఆయన గేటు గడియ తీసుకుని లోపలికి నడిచారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. లీలావతి వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రాత్రంతా నిద్రపోని మనిషిలా ఆమె కళ్ళ కింద ఉబ్బి ఉంది.

"రండి," అంది. లేవలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని, నోటుబుక్కు తెరిచి చూసుకుని, నవ్వారు. "నువ్వు రమ్మన్నావట. రాసుకున్నాను. ఎందుకో మాత్రం రాసుకోలేదమ్మా."

బియ్యంలో ఆమె వేళ్ళు ఆగాయి. ఆమె ఆయన మొహం చూసింది. గడ్డం ఒక చెంపకే గీసి ఉంది. కళ్ళలో ఏ బరువూ లేదు.

"నిన్న చర్చిలో ఏం చెప్పారో గుర్తుందా అయ్యగారూ?"

"నిన్న స్టీఫెన్ చెప్పాడుగా. కుర్రాడు బానే చెబుతాడు." ఆయన వరండా అటూ ఇటూ చూశారు. పెరటి గుమ్మం వైపు మెడ చాపారు. "గార్డు కనపడడేం?"

గేటు దగ్గర చిన్నారావు స్కూటరుకి స్టాండు వేసి ఒకడుగు లోపలికి వేశాడు. లీలావతి అరచెయ్యి ఎత్తి అక్కడే ఆపింది. చేట పక్కన పెట్టింది. ఒడిలో పడ్డ నాలుగు గింజలు ఏరి చేటలో వేసింది.

"పోయాడు అయ్యగారూ."

"అయ్యో." ఆయన నోటుబుక్కు జారి కింద పడింది. "ఎప్పుడమ్మా? ఎలా?"

"వయసైపోయింది కదా."

"బాధపడ్డాడా?"

ఆమె వంగి నోటుబుక్కు తీసి ఆయన ఒడిలో పెట్టింది. "లేదు," అంది. "నిద్రలోనే పోయాడు."

ఆయన కళ్ళ నీళ్ళు గీసుకోని చెంప మీదుగా గడ్డంలోకి జారాయి. చిన్నపిల్లాడిలా చెయ్యి వెనక్కి తిప్పి తుడుచుకున్నారు. "నాతో ఒక మాట చెప్పలేదేమమ్మా?"

లీలావతి లోపలికి వెళ్ళి టీ గ్లాసు తెచ్చింది. ఆయన చెయ్యి వణుకుతోందని గ్లాసు ఆయన రెండు అరచేతుల మధ్యా పెట్టి, ఒలకకుండా పైనుంచి తన చేతులు ఉంచి పట్టుకుంది.

"ఆ మాట చెబుదామనే రమ్మన్నాను," అంది.